సారా బట్టీకీ ఓ చరిత్ర

"తవ్వడానికి కోటలూ గుళ్లూ కరువయ్యాయా, సారా బట్టీలు తవ్వుతున్నారూ?" అని ముక్కు విరిచే పెద్దమనుషులున్నారు. రాజుగారి కిరీటం దొరికితే చరిత్రట. పనివాడు మంటపెట్టిన పొయ్యి దొరికితే నవ్వులాటట! ఇదెక్కడి న్యాయమండీ?

అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ సంగతే చూడండి. వర్జీనియాలో మౌంట్ వెర్నన్ ఆయన ఎస్టేటు. దాని వ్యవహారాలు చూసే జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లండు ఆసామి విస్కీ కాస్తే లాభమన్నాడు. సరేనని 1797లో మొదలెట్టారు. 1799కల్లా అయిదు బట్టీలు, ఏడాదికి దాదాపు 11 వేల గాలన్లు! ఆ డిసెంబరులోనే దొరగారు పోయారు. 1814లో బట్టీ కాలిపోయింది.

1930లలో అక్కడి పిండిమరను ముచ్చటగా తిరిగి కట్టారు. బట్టీ జోలికి మాత్రం పోలేదు. అవి మద్యనిషేధం రోజులు మరి. పిండి ఆడించిన అధ్యక్షుడు ముద్దు, విస్కీ అమ్మిన అధ్యక్షుడు చేదు కాబోలు!

1990ల చివర పురాతత్వవేత్తలు పలుగూ పారా పట్టారు. రాతి పునాదులు, నీటి కాలవలు, మంటకు మాడిన నేల బయటపడ్డాయి. ఎంత అమ్మారో పద్దుపుస్తకం చెబుతుంది. ఏ పొయ్యి ముందు మనిషి నిలబడి ఉడికిపోయాడో నేలే చెప్పాలి.

ఎవరా మనుషులు? హాన్సన్, పీటర్, నాట్, డేనియల్, జేమ్స్, తిమోతి. ఆరుగురూ బానిసలే. 1799లో వాషింగ్టన్ రాసుకున్న బానిసల జాబితాలో ఉన్నాయి ఆ పేర్లు. నూటికి 60 పాళ్లు రై ధాన్యం, 35 మొక్కజొన్న, 5 బార్లీ మాల్టు అన్న లెక్క దొరగారి పద్దులోది. అందులో పడిన చెమట పాలెంతో ఏ పద్దులోనూ లేదు.

2007లో బట్టీ మళ్లీ వెలిసింది, మద్యం కంపెనీల సంఘం ఇచ్చిన డబ్బుతో. నా పేచీ ఇక్కడే. కంపెనీ డబ్బు పెడితే సీసా అమ్ముకోవాలనుకుంటుంది, సహజం. సీసా మీద వాషింగ్టన్ పేరు మెరుస్తుంది. ఆ ఆరుగురి పేర్లూ గైడు నోటిమాటగా మిగిలిపోకూడదు. తవ్వింది వాళ్లు మంటపెట్టిన పొయ్యిలనే కదా!

తాగేవాళ్లు తాగనీండి, మానేవాళ్లు మాననీండి. ఎగతాళి చేసే పెద్దమనుషులు మాత్రం ఒక్క జవాబు చెప్పాలి: బట్టీ తవ్వడం పరువు తక్కువా? బానిసల చేత కాయించడమా?