ఆటలో అరటిపండు అయ్యే హక్కు కూడా లేదా?

2025 జూన్‌లో వేరే పని మీద అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్‌కి వెళ్లాను. గదికి నలుగురు. మంచాల మధ్య నడవడానికి ఒక మనిషి పట్టేంత సందు. ఆ నలుగురిలో ఒకమ్మాయి తన ఫోనులో ఫొటో చూపించింది. ఇనుప జాలీ ఉన్న హెల్మెట్లు, ఒళ్లంతా మందపాటి కవచాలు, మెడలో పతకాలు. యు.ఎ.ఇ.లోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన దేశపు మహిళల ఐస్ హాకీ జట్టు కాంస్యం గెలిచింది. నేను సంతోషపడి ఏదో అనబోతుంటే, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ కోడింగ్ నేర్చుకుంటున్న ఇంకో అమ్మాయి అడిగింది: "మేడమ్, వీళ్లు మొదట్లో బాగా ఆడేవాళ్లు కాకపోయినా ఎవరైనా ఆడనిచ్చారా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. సోషియాలజీలో డాక్టరేట్ ఉన్నా ఇలాంటి ప్రశ్న వేయాలని నాకెప్పుడూ తట్టనందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

నిజానికి వాళ్లని ఎవరూ ఆడనివ్వలేదు, వాళ్లే ఆడారు. ఆ జట్టులో ఎక్కువమంది లడాఖ్ అమ్మాయిలు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకట్టే కొద్ది వారాలే ఆటకాలం. ఆ కాస్త మంచు మీద కూడా మగవాళ్ల ఆటలయ్యాకే తమకు చోటు దొరికేదని వాళ్లే చెప్పుకున్నారు. పరికరాలు అరువు తెచ్చుకున్నారు, ప్రయాణాలకు చందాలు పోగేసుకున్నారు. 2016లో తైపీలో మొదటి అంతర్జాతీయ టోర్నీ ఆడారు. మొదటి గెలుపు మాత్రం 2017లో బ్యాంకాక్‌లో, ఫిలిప్పీన్స్ మీద, 4-3 తేడాతో. కాంస్యం రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. 2011లో డెహ్రాడూన్‌లో కోట్లు పోసి కట్టిన మంచు రింకు ఆ కాలంలో ఏళ్ల తరబడి మూతపడి ఉంది. ఓడిపోతూ ఆడుతూ ఉండే ఓపిక ఆ ఆడవాళ్లకు ఉంది గానీ, వాళ్ల ఓటముల్ని భరించే ఓపిక ప్రభుత్వాలకు లేదు. పతకం రాగానే అభినందన సందేశాలు మాత్రం ఆలస్యం కాలేదు.

మనకి మంచు లేదు, మనకెందుకు ఈ గొడవ అనుకోకండి. నేను మాట్లాడుతున్నది మంచు గురించి కాదు.

1992లో నేను ఎనిమిదో తరగతి. పంజాగుట్ట వైపు ఒక ఆడపిల్లల బడి. పేరు అనవసరం, అలాంటి బళ్లు అప్పుడూ ఇప్పుడూ చాలా ఉన్నాయి. ఒకరోజు డ్రిల్లు టీచరు బీరువా తాళం తీసి పన్నెండు హాకీ స్టిక్కులు బయటపెట్టారు. మేము నలభై మందిమి. వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేత ఒక్కసారి బంతి కొట్టించారు. నా దెబ్బకి బంతి పక్కకి దొర్లి నీళ్ల కుండీ కిందకి పోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ కర్ర బంతికి తగిలినప్పుడు మోచేతి దాకా పాకిన జలదరింపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అరగంటలో జట్టు తయారైంది. మిగిలిన వాళ్లని గోడవారగా కూర్చుని చప్పట్లు కొట్టమన్నారు. నాకు స్కోరు రాసే పని అప్పగించారు, నా చేతిరాత బాగుంటుందట! మళ్లీ ఆ స్టిక్కు నా చేతికి రాలేదు. ఎంపికైన వాళ్ల అదృష్టం కూడా ఎంతోకాలం సాగలేదు. పదో తరగతి రాగానే పీటీ పీరియడ్‌ను లెక్కలకి ఇచ్చేశారు.

ఆ టీచరు చెడ్డవారేం కాదు. పన్నెండు స్టిక్కులతో ఆవిడ అంతకన్నా ఏం చేస్తారు? నా కోపం ఆవిడ మీద కాదు. నలభై మంది పిల్లలకి పన్నెండు స్టిక్కులు చాలుననుకున్న ఆలోచన మీద.

అదే ఏడాది మా వీధిలో మగపిల్లల క్రికెట్ చూసేదాన్ని. వాళ్ల జట్టులో ఒక ఆరేళ్ల బుడతడు ఉండేవాడు. బ్యాటు వాడి భుజం దాకా ఉండేది. వాడు ఔటైనా ఔటు కాదు, వాడి పరుగులు ఏ పక్షానికీ లెక్క కాదు. ఆటలో అరటిపండు. కానీ వాడు రోజూ పరుగెత్తాడు, రోజూ బంతి ముట్టుకున్నాడు, నాలుగేళ్లు తిరిగేసరికి వాడే ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. మగపిల్లలకి వీధి ఇచ్చిన ఈ వెసులుబాటును ఎవరూ హక్కు అని పిలవరు, ఎందుకంటే అది గాలిలాగా అడక్కుండానే దొరుకుతుంది. ఆడపిల్లకి అరటిపండు అయ్యే అవకాశమే లేదు. ఆమె ఆటలోకి వస్తే ప్రతిభతో రావాలి, లేదా గోడవారగా కూర్చోవాలి.

ఈ తర్కం మనకి కొత్తదా? తమ్ముడు ఇంటర్ తప్పితే మళ్లీ ఫీజు కడతారు, అక్క తప్పితే సంబంధం చూస్తారు. మామూలుగా, ఒక మోస్తరుగా ఉండే హక్కు మగవాడిది. ఆడదాని చదువుకి, ఉద్యోగానికి, చివరికి ఆటకి కూడా 'ఫస్ట్ క్లాసు' షరతు. పితృస్వామ్యం ఎప్పుడూ 'వద్దు' అనే మాటతోనే రాదు. 'నువ్వు అంత బాగా చేస్తే అప్పుడు చూద్దాం' అనే మాటతో కూడా వస్తుంది. రెండోదాన్ని మనం తరచుగా ప్రోత్సాహం అనుకుని పొరబడతాం.

ఎతిమరపు రజని సంగతే తీసుకోండి. అప్పటి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాళెం మండలంలోని పల్లెటూరి అమ్మాయి, వడ్రంగి కూతురు. భారత మహిళల హాకీ జట్టుకి రిజర్వ్ గోల్‌కీపర్‌గా 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్లింది. మహిళల హాకీలో మన జట్టు ఒలింపిక్స్‌లో ఆడటం 1980 మాస్కో తర్వాత అదే. మనమంతా గర్వపడ్డాం, పడాలి కూడా. కానీ ఆమెతో పాటు ఆ బడిలో కర్ర పట్టుకుని ఆమె అంత బాగా ఆడలేకపోయిన పిల్లలు ఉండే ఉంటారు కదా. ఏ సన్మానసభలోనూ వాళ్ల ప్రస్తావన రాదు. ఇంకోపక్క, బాగా ఆడి కూడా ఓడిపోతే ఏమవుతుందో 2021లో చూశాం. టోక్యోలో సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో మన జట్టు ఓడిన రోజు, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో దూషించారని ఆమె కుటుంబం పోలీసులకి ఫిర్యాదు చేసింది. దళిత అమ్మాయికి ఓటమి ఎంత ఖరీదైనదో ఇంతకన్నా చెప్పాలా? ఓడిపోవడం ఆటలో మామూలు సంగతి అనే భద్రత కూడా అందరికీ సమానంగా లేదు.

'అందరూ ఆడితే ప్రమాణాలు పడిపోతాయి' అంటారు క్రీడాధికారులు. ప్రమాణాల పేరుతో నడిచే ఈ ఎంపిక వ్యవస్థ ఆడపిల్లల మీద ఎంత అధికారాన్ని ఎవరి చేతుల్లో పెడుతోందో వాళ్లు మాట్లాడరు. 2023లో మహిళా రెజ్లర్లు జంతర్‌మంతర్ దగ్గర వారాల కొద్దీ ఎందుకు కూర్చున్నారు? సమాఖ్య అధ్యక్షుడి మీదే లైంగిక వేధింపుల ఆరోపణలు చేస్తూ, వినిపించుకునే నాథుడు లేక. ఆడే దారి ఒక్కటే అయి, ఆ దారికి ఒక్కటే గేటు ఉండి, గేటు తాళం ఒక్క మనిషి చేతిలో ఉంటే ఏమవుతుందో మనకి తెలుసు. ఆడటానికి పది చోట్లు ఉన్న అమ్మాయి ఒక కోచ్ ప్రవర్తన నచ్చకపోతే లేచి వెళ్లిపోగలదు. ఎంపికే ప్రాణమైన అమ్మాయి ఎక్కడికి వెళ్తుంది?

ఐస్ హాకీ పుట్టిల్లు కెనడా. అక్కడ కూడా ఇది తేలిగ్గా రాలేదు. 1950లలో టొరంటోలో ఆబీ హాఫ్‌మన్ అనే ఎనిమిదేళ్ల పిల్ల, ఆడపిల్లలకి జట్టు లేదు కాబట్టి, జుట్టు కత్తిరించుకుని మగపిల్లల లీగులో చేరింది. బాగా ఆడి పెద్ద పోటీకి ఎంపికైనప్పుడు పుట్టినతేదీ పత్రం అడగడంతో సంగతి బయటపడింది. కోర్టుకెళ్లినా ఓడిపోయింది. తర్వాత పరుగుపందెంలో నాలుగు ఒలింపిక్స్ ఆడి, ఆ దేశపు క్రీడాశాఖకు డైరెక్టర్ అయింది. ముప్పయ్యేళ్లకి జస్టిన్ బ్లేనీ మగపిల్లల జట్టులో చోటు కోసం మళ్లీ కోర్టుకెక్కింది, 1986లో ఆంటారియో అప్పీలు కోర్టులో గెలిచింది. ఆసక్తికరమైన విషయమేమిటంటే ఆమెను వ్యతిరేకించిన వారిలో మహిళా హాకీ సంఘం కూడా ఉంది! బాగా ఆడే అమ్మాయిలంతా మగ జట్లలోకి వెళ్లిపోతే ఆడపిల్లల జట్లు ఏమవుతాయన్నది వాళ్ల భయం. నాకు ఇద్దరి వాదనలోనూ న్యాయం కనిపిస్తుంది. కానీ ఒక ప్రతిభావంతురాలి కోసం తలుపు తెరిచినంత మాత్రాన మిగతా వాళ్లకి జట్టు ఏర్పడదు. ఆ రెండో పని విడిగా చేయాలి.

అక్కడ ఆ రెండో పనీ చేశారు. ఎంపిక పోటీలు లేకుండా, వయసును బట్టి, ఆట తెలిసినంత మేరకు జట్లుగా విడదీసి, డబ్బు కట్టిన ప్రతి అమ్మాయికీ చోటిచ్చే స్థానిక లీగులు ఉన్నాయి. (డబ్బు మాట గమనించారు కదా. అది ఖరీదైన ఆట, పేదపిల్లలకి అక్కడా అందదు.) చిన్నపిల్లల ఆటల్లో ఒక పద్ధతి నాకు బాగా నచ్చింది. నిమిషానికో నిమిషమున్నరకో బజర్ మోగుతుంది. మోగగానే ఆడుతున్నవాళ్లంతా, ఎంత బాగా ఆడుతున్నా సరే, బయటకి రావాలి. బల్ల మీద కూర్చున్నవాళ్లు లోపలికి వెళ్లాలి. కోచ్ దయ మీద ఆధారపడని సమానత్వం అది.

ఇక మన పేటలకి వద్దాం. ఐస్ హాకీ రింకు ఎంత ఉంటుంది? 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అంటే రెండు వేల చిల్లర గజాలు. అమీర్‌పేటలో, పంజాగుట్టలో గజం ధర తెలిసినవాళ్లు ఇక్కడ నవ్వుతారు. మామూలు హాకీకైతే ఎకరంపావు కావాలి. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు హైదరాబాద్‌లోనే జరిగాయి, మహిళల హాకీలో మన జట్టే స్వర్ణం గెలిచింది. నగరంలో పెద్ద హాకీ స్టేడియం ఉన్నది గచ్చిబౌలిలో. రాత్రి తొమ్మిదికి గేటు వేసే హాస్టల్లో ఉండే అమ్మాయికి, క్లాసు అయ్యాక అంత దూరం ఆడటానికి వెళ్లి రమ్మని చెప్పడం ఎగతాళి కాక ఏమిటి? దగ్గర్లో ఉన్న ప్రైవేటు టర్ఫ్‌లు గంట లెక్కన అద్దె గుంజుతాయి, సాయంత్రమైతే అబ్బాయిల క్రికెట్‌తో నిండిపోతాయి.

అయితే మార్గం లేదా? ఉంది. ఐదుగురేసి ఆడే హాకీ ఒకటి వచ్చింది. చిన్న మైదానం, చుట్టూ ఐస్ హాకీలో లాగే అడ్డ పలకలు, బంతి బయటకి పోదు. 2024 జనవరిలో మస్కట్‌లో దాని మొదటి మహిళా ప్రపంచకప్ జరిగితే మన జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. కెప్టెన్ ఎవరనుకున్నారు? మన రజనీయే. ఒక బడి ఆవరణలో పట్టే ఆట అది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలనీ, ప్రతి తరగతికీ ఆటవస్తువులు ఇవ్వాలనీ షెడ్యూలులోనే రాసింది. మన దేశం 1993లో ఆమోదించిన సీడా ఒప్పందం పదో అధికరణం, ఆటల్లోనూ వ్యాయామ విద్యలోనూ చురుగ్గా పాల్గొనడానికి ఆడవాళ్లకి సమాన అవకాశాలు ఉండాలంటుంది. 'పాల్గొనడానికి' అనే ఉంది, 'గెలవడానికి' అని లేదు. మనం ఈ ఒప్పందాన్ని ఎన్ని సదస్సుల్లో వల్లించాం! ఆ అధికరణంలో ఆటల మాట ఉన్న ముక్కని ఎన్నిసార్లు చదివాం?

ఇక్కడ మనల్ని మనం కూడా తిట్టుకోవాలి. మన సంఘాలు ఆడపిల్లలకి కరాటే నేర్పించాయి, ఆత్మరక్షణ కోసం. వీధిదీపాలు, కెమెరాలు, బస్సులు అడిగాయి, భద్రత కోసం. రక్తహీనత శిబిరాలు పెట్టాయి, ఆరోగ్యం కోసం. ఇవన్నీ అవసరమే. కానీ ఆడపిల్ల శరీరం గురించి మనం మాట్లాడినప్పుడల్లా అది ప్రమాదంలో ఉన్న శరీరం, లేదా జబ్బుపడ్డ శరీరం. ఏ ప్రయోజనమూ లేకుండా, ఊరికే ఆనందం కోసం, చెమట కారేలా పరుగెత్తే శరీరం గురించి మనం ఎప్పుడు డిమాండ్ చేశాం? నిధులిచ్చే సంస్థల దరఖాస్తు ఫారంలో ఆనందానికి గడి ఉండదు, నిజమే. నేనూ అలాంటి ఫారాలు నింపినదాన్నే.

ఈ రెండు పేటల్లో ప్రభుత్వ బళ్ల ఆవరణలు సాయంత్రం ఖాళీగానే ఉంటాయి. వారానికి రెండు సాయంత్రాలు ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక ఆవరణ తెరిచి అమ్మాయిలకే ఇవ్వాలి. ముప్పై స్టిక్కులు, ఒక మహిళా కోచ్, లైట్లు, నీళ్లొచ్చే మరుగుదొడ్డి. హాస్టల్ పిల్లలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కూతుళ్లు, కావాలంటే ఆ తల్లులు కూడా. ఎవరు ముందు వస్తే వాళ్లు, బజర్ మోగగానే మార్పు. కోచ్ వేతనం, స్టిక్కుల ఖర్చు కలిపినా ఒక పతక విజేతకి ప్రకటించే నగదు బహుమతిలో చిన్న ముక్క కూడా కాదు.

ఆ హాస్టల్ అమ్మాయి నేను లేచి వస్తుంటే స్టిక్కు ధర ఎంతుంటుందని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆ తర్వాత కనుక్కున్నాను, తక్కువ రకం చెక్క స్టిక్కు ఆమె నెల మెట్రో ఖర్చు కన్నా తక్కువే. కొనుక్కున్నా ఎక్కడ ఆడుతుందన్నదే మిగిలిన ప్రశ్న. ఈసారి నగర పాలక సంస్థకి మనం ఇచ్చే వినతిపత్రంలో వీధిదీపాల డిమాండ్ కిందే దీన్ని కూడా చేర్చమని మిత్రులను కోరుతున్నాను. వారానికి రెండు సాయంత్రాలు, అమ్మాయిలకి, ఎంపిక పోటీ లేకుండా.