అందరికీ ఒకే షూ వద్దు, ఎవరి పాదానికి తగ్గది వాళ్లకు



ఉగాదికి శ్రీశైలం పాదయాత్ర మాట మొదలైంది. దాంతోపాటే షూల మాటా మొదలైంది. మొన్న సంఘం సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. యాత్రకు వచ్చేవాళ్లందరికీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్, చీలమండ దాకా వచ్చే ట్రెకింగ్ బూట్లు టోకున కొని ఇద్దామని. దాత ముందుకొచ్చారు, రేటులో తగ్గింపు కూడా వస్తుందట. ఉద్దేశం మంచిది, దాతకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే. కానీ ఏటా ఆ దారిన నడిచేవాళ్లుగా మేము దీనికి ఒప్పుకోలేకపోతున్నాం. ఎందుకో వివరంగా రాస్తున్నాం. పోస్టు పొడుగ్గా ఉందని దాటేయకండి. ఇంట్లో నడవబోయే పెద్దవాళ్లు ఉంటే చదివి వినిపించండి.

ముందు మన దారి సంగతి. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరేదాకా ఎక్కువ భాగం తారు రోడ్డే. ఉగాది ముందర ఎండలు, పొద్దున పదికే రోడ్డు కాలుతుంటుంది. వెంకటాపురం దాటాక అసలు నల్లమల. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. రాళ్లు, వేర్లు, జారే ఎండుటాకులు, నిటారుగా దిగి మళ్లీ నిటారుగా ఎక్కే రాతి మెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించినవాడిగా రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి పేరు చరిత్రలో నిలిచింది. ఆ మెట్ల మీద నుంచి దిగేటప్పుడు మోకాళ్ల కంటే ముందు కాలివేళ్లు మొత్తుకుంటాయి. అది పులుల అభయారణ్యం. లోపల షూ ఊడితే కొనడానికి అంగడి లేదు, ఎక్కి పోవడానికి ఆటో లేదు.

అంటే మనకు కావలసిన షూ రెండు పనులు చెయ్యాలి. రోజుల తరబడి తారు మీద వేడిని, దెబ్బను ఓర్చుకోవాలి. చివర్లో రాయి మీద పట్టు ఇవ్వాలి. ఈ రెండింటికీ దగ్గరగా వచ్చేది ట్రైల్ రన్నింగ్ షూ అని మా అభిప్రాయం. కొండదారుల్లో పరుగెత్తేవాళ్ల కోసం చేసిన తేలికపాటి షూ అది. దూరం నడిచేవాళ్లు ఇప్పుడు లోకమంతా ఎక్కువగా దీన్నే వేసుకుంటున్నారు.

బూటు ఎందుకు వద్దంటున్నామో చెప్తాం. బరువైన ట్రెకింగ్ బూట్ల జత కిలోంబావు దాకా తూగుతుంది. ట్రైల్ షూల జత అందులో సగమే. రోజుకు 30 కిలోమీటర్లు నడిస్తే దాదాపు 40,000 అడుగులు పడతాయి. ప్రతి అడుగుకూ ఆ బరువును ఎత్తి దించాలి. షూకి 100 గ్రాములు పెరిగితే పరుగులో ఒళ్లు వాడే ఆక్సిజన్ సుమారు 1 శాతం పెరుగుతుందని వ్యాయామ శాస్త్రం లెక్క కట్టింది. సాయంత్రానికి ఆ తేడా పిక్కల్లో తెలుస్తుంది. పైగా నీళ్లు చొరబడని పొర ఉన్న బూట్లు వానకు, మంచుకు మంచివి. ఉగాది ముందరి ఎండలో అదే పొర చెమటను లోపల పట్టి ఉంచుతుంది. తడిసిన చర్మానికే బొబ్బలు లేస్తాయి.

"చీలమండ మడతపడితే ఎవరిది బాధ్యత?" అని ఒక అన్న అడిగారు. న్యాయమైన ప్రశ్న. చీలమండను కాపాడేది బూటు ఎత్తు ఒక్కటే అనుకోకూడదు. మడమను కదలకుండా పట్టుకునే షూ, రాయి మీద జారని రబ్బరు, ముందుగా నడిచి గట్టిపడ్డ కాళ్లు, చేతిలో ఒక కర్ర, ఇవన్నీ కలిసి కాపాడతాయి. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికా అవ్వ, 67 ఏళ్ల వయసులో, పదకొండు మంది పిల్లల తల్లి, అప్పలాచియన్ ట్రైల్ అనే కొండదారిని ఒంటరిగా మొదలు నుంచి చివరిదాకా నడిచింది. అప్పట్లో దాని పొడవు దాదాపు 3,300 కిలోమీటర్లు. కాళ్లకు మామూలు కాన్వాస్ షూలు. భుజాన ఇంట్లో కుట్టుకున్న డెనిమ్ సంచి. జీన్స్ కుట్టే మన ఊరివాళ్లకు ఈ ముక్క నచ్చుతుంది. ఆమెలాగా ఏది దొరికితే అది తొడుక్కొని బయల్దేరమని మేము చెప్పడం లేదు. ఎత్తు బూటు లేకపోతే దూరం నడవలేమన్న భయం అక్కర్లేదని మాత్రం అంటున్నాం.

ఇక "నమ్మకమైన షూ ఏది, పేరు చెప్పండి" అని రోజుకు నలుగురు అడుగుతున్నారు. సలోమన్, హోకా, ఆల్ట్రా, ఇంకా బోలెడు ఉన్నాయి. కానీ పేరు చెప్పి ఊరుకుంటే మీకు మేలు జరగదు. ఒకే పేరుతో వచ్చే మోడల్‌ను కంపెనీలు ఏడాదికో రెండేళ్లకో మార్చేస్తుంటాయి. నిరుడు వెడల్పుగా ఉన్నది ఈసారి ఇరుకు కావచ్చు. అందుకే పేరు కంటే ముందు పాదాన్ని నమ్మండి.

సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. యాత్రలో వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడండి. నిలబడితే వేళ్ల ముందు ఒక బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. అది లేకపోతే భీముని కొలను మెట్లు దిగేసరికి గోళ్లు నల్లబడతాయి. వేళ్లు పక్కలకు విచ్చుకునే చోటుండాలి, మడమ మాత్రం లేవకూడదు. షూను చేత్తో వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యలో మడతపడితే పక్కన పెట్టేయండి. సోల్ కింది రబ్బరు పళ్లు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటే మన దారికి చాలు. ఐదారు మిల్లీమీటర్ల లోతైన పళ్లు బురదకు చేసినవి. తారు రోడ్డు వాటిని అడవి రాకముందే తినేస్తుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలు షూల్లో మడమ మునివేళ్ల కంటే 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. కొన్ని ట్రైల్ షూల్లో ఈ తేడా అసలు ఉండదు. అవి చెడ్డవని కాదు, కానీ అలవాటు లేకుండా ఒక్కసారిగా వాటిలోకి మారితే మడమ వెనక నరం, పిక్కలు పట్టేస్తాయి. అలాంటివి కొంటే నెలల ముందే కొని కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి.

పాత షూల గురించి కూడా ఒక మాట. మాతో నడిచిన ఒక పెద్దాయన అటక మీద అయిదారేళ్లు దాచిన బూట్లు వేసుకొచ్చారు. చూడ్డానికి కొత్తవే. పెచ్చెరువు దగ్గర అడుగు మొత్తం ఊడి చేతికొచ్చింది. తువ్వాలు చింపి కట్టుకొని కైలాస ద్వారం ఎక్కారు. మహానుభావుడు గనక ఎక్కారు. సోల్‌లో వాడే పాలీయురేథేన్ అనే పదార్థం గాలిలో తేమకు ఏళ్ల తరబడి లోలోపలే పొడి అయిపోతుంది, వాడకపోయినా సరే. ఇక వాడే షూ అయితే 500 నుంచి 800 కిలోమీటర్లకు లోపలి ఫోమ్ చచ్చిపోతుంది. పైన గుడ్డ బాగానే కనిపిస్తుంది, మోకాలికి మాత్రం నిజం తెలుస్తుంది.

చెప్పుల్లేకుండా నడుస్తామని మొక్కుకున్నవాళ్లున్నారు. ఆ మొక్కుకు మేము అడ్డు చెప్పం, మా ఇళ్లలోనూ అలాంటి పెద్దలున్నారు. షుగర్ ఉన్నవాళ్లను మాత్రం చేతులు పట్టుకొని వేడుకుంటున్నాం. పాదంలో స్పర్శ తగ్గినవాళ్లకు ముల్లు దిగినా తెలియదు, కాలిన తారు మీద చర్మం ఊడినా తెలియదు. తెలిసేసరికి పుండు ముదురుతుంది, వేలు తీసెయ్యాల్సిన దాకా పోతుంది. మల్లన్న మన వేళ్లు అడగలేదు. దారంతా షూతో నడిచి, క్షేత్రంలో కాలుపెట్టాక విడవండి. బయల్దేరే ముందు డాక్టరుకు పాదాలు చూపించండి, రోజూ రాత్రి ఇంకొకరితో అరికాళ్లు చూపించుకోండి.

చివరగా డబ్బు మాట. మంచి ట్రైల్ షూలు వేలల్లో ఉంటాయి. మన యాత్రలో సగం మంది జీన్స్ యూనిట్లలో కుట్టేవాళ్లు, మండీలో మూటలు మోసేవాళ్లు. వాళ్లకు అది వారం పది రోజుల కూలి. అందుకే కొందరు బెంగళూరు రోడ్డులో "ఫస్ట్ కాపీ" షూలు కొంటున్నారు. పైన బొమ్మ అచ్చం అదే, కింద రబ్బరు రాయి మీద సబ్బులా జారుతుంది. కాబట్టి దాత ఇచ్చే డబ్బు వద్దనడం మా ఉద్దేశం కానే కాదు. ఆ డబ్బు ఎంతో అవసరం, అందుకే అది సరిగ్గా ఖర్చు కావాలి. టీషర్టులు అందరికీ ఒకటే కుట్టించొచ్చు, కొంచెం లూజైతే ఫొటోలో తెలుస్తుంది అంతే. షూ ఒక్క సైజు తేడా వస్తే మనిషి ఆదోనిలోనే ఆగిపోతాడు.

మా కోరిక ఇది. టోకు ఆర్డరు ఆపి, తలా ఇంత అని సాయం ఇవ్వండి. ఎక్కువ అవసరం ఉన్నవాళ్లకు ఎక్కువ ఇవ్వండి. యాత్రకు రెండు నెలల ముందు ఒక ఆదివారం అందరి పాదాల కొలతలు తీద్దాం. రెండు పాదాలూ కొలవాలి, చాలామందికి ఒకటి పెద్దది. నిరుటి మోడళ్లు తక్కువ ధరకు దొరుకుతాయి, ఎక్కడ దొరుకుతాయో మేము వెతికి పెడతాం. కొన్న షూతో యాత్రకు ముందు కనీసం 80 కిలోమీటర్లయినా నడవాలని నియమం పెడదాం. బయల్దేరే వారం ముందు ప్రతి ఒక్కరి సోల్ తిప్పి చూద్దాం. సన్మానాల శాలువలు, ఫ్లెక్సీల ఖర్చు ఈ ఒక్క ఏడాది తగ్గించినా ఇంకో పది మందికి షూలొస్తాయి.

కార్యవర్గం పెద్దలు ఆర్డరు ఖాయం చేసేలోగా ఈ మాట మరోసారి చర్చకు పెట్టాలని కోరుతున్నాం. ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, మేము చదువుతాం, జవాబిస్తాం. వచ్చే ఆదివారం ఎవరి పాత షూలు వాళ్లు పట్టుకొని రండి, ముందు వాటినే తిప్పి చూద్దాం.