కారుకూ చలి వేస్తుందా?

పిల్లలూ! పుష్యమాసంలో తెల్లవారుజామున లేవాలంటే మీకెంత బద్ధకమో, మా బాబాయి పాతకారుకూ అంతే. ఒకనాడు మా తమ్ముడు పరీక్షకు పోవలసిన వేళ అది నాలుగుసార్లు దగ్గి ఊరుకున్నది. తమ్ముడికి ఏడుపు ఒక్కటే తక్కువ.

పెట్రోలు ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. తూకంలో 1 పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ళ గాలి కావాలి. చలికి ఆవిరి తక్కువ పుడుతుంది. అందుకని పాతకార్లలో చోక్ అనే పిడి ఉండేది. దాన్ని లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది. బాబాయి ఎంత లాగినా లాభం లేకపోయింది.

మెకానిక్ తాత వచ్చి ముందు చెవి ఒగ్గి విన్నాడు. ఇంజను ఈడుస్తూ తిరిగితే బాటరీని అనుమానించాలి. చలికి దాని బలమూ తగ్గుతుంది. కాని ఇది చురుగ్గానే తిరుగుతున్నది. తరువాత స్పార్క్ ప్లగ్ విప్పాడు. అది తడిగా ఉంటే పెట్రోలు అందినట్టే, నిప్పురవ్వ సంగతి చూడాలి. ఇది పొడిగా ఉన్నది!

తాత నవ్వి, చోక్ తీగ చూపించాడు. దాని మర వదులై తీగ జారిపోయింది. ఇంతసేపూ బాబాయి లాగినది ఉత్త తీగను! మర బిగించగానే కారు గుర్రుమన్నది.

ఇప్పటి కార్లలో చోక్ పిడి లేదు. ఇంజను నీటి వేడి కొలిచే చిన్న సాధనం కంప్యూటరుకు కబురు చేస్తే, అదే పెట్రోలు పెంచుతుంది. ఆ కబురు తప్పయితే కొత్తకారూ దగ్గవలసిందే.

తమ్ముడు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు. అయినా లోపలికి రానిచ్చారు.