పదకొండున్నర నిమిషాల పరుగు

ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంటి ఆడవాళ్లకి రెండు కష్టాలు. ఒకటి, పోయిన మనిషి కోసం ఏడవడం. రెండోది, ఆ ఏడుపు సరిపోయిందో లేదో చూడ్డానికి వచ్చినవాళ్లకి లెక్క చెప్పుకోవడం! "ఇంకా మాసికమైనా కాలేదు, అప్పుడే మిషను ముందు కూర్చుంది", "అప్పుడే రంగు చీర కట్టింది" - ఈ మాటలు చెవిన పడని ఇల్లాలు మనలో ఉందా చెప్పండి?

ఈ సంగతి మీతో మాట్లాడాలనిపించడానికి కారణం ఒక పరుగు పందెం. నవ్వకండి మరి! మా అబ్బాయికి పరుగు పందేల పిచ్చి. వాడు చెబుతుంటే మొదట ఊ కొట్టాను, తర్వాత నేనే అడిగి అడిగి చెప్పించుకున్నాను.

క్రాస్ కంట్రీ అని ఒక రకం పరుగుంది. స్టేడియంలో గీతలు గీసిన ట్రాక్ మీద కాదు. గడ్డిలో, బురదలో, ఎత్తుపల్లాల్లో పరిగెత్తాలి. దానికి ప్రపంచ పోటీలు ఉన్నాయి. అందులో మగవాళ్లకి అప్పట్లో 12 కిలోమీటర్ల పరుగు ఉండేది. 1998లో మొరాకో దేశంలోని మరాకేష్‌లో జరిగినప్పుడు దానికి తోడు 4 కిలోమీటర్ల చిన్న పరుగు కూడా పెట్టారు. 2006 దాకా ఏటా జరిపి, ఆ తర్వాత తీసేశారు. ఆ తొమ్మిదేళ్లలో మొదటి నాలుగుసార్లూ కెన్యా వాళ్లే గెలిచారు. తర్వాత అయిదుసార్లూ గెలిచింది ఒక్కడే, ఇథియోపియా కుర్రాడు కెనెనిసా బెకెలె. ఆ అయిదేళ్లూ పెద్ద పరుగు కూడా అతనిదే!

చిన్న పరుగంటే తేలిక అనుకుంటాం కదా? కాదట. పెద్ద పరుగులో కాస్త వెనకబడినా సర్దుకోడానికి వ్యవధి ఉంటుంది. ఇందులో బయల్దేరిన క్షణం నుంచీ ఉరకాల్సిందే. మనసు కాసేపు ఎటైనా పోయిందంటే పందెం కూడా పోయినట్టే.

ఆ మనసు సంగతే ఇప్పుడు చెప్పేది. బెకెలెకి అలెం తెచాలె అనే అమ్మాయితో పెళ్లి నిశ్చయమైంది. ఆ అమ్మాయీ పరుగుల పిల్లే. 2003లో కెనడాలో జరిగిన చిన్నవాళ్ల ప్రపంచ పోటీల్లో 1500 మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చుకుంది. 2005 జనవరి 4న ఇద్దరూ కలిసి అడిస్ అబాబా దగ్గర అడవిలో ప్రాక్టీసు చేస్తున్నారు. పరిగెత్తుతూ పరిగెత్తుతూనే ఆ పిల్ల కుప్పకూలిపోయింది. మళ్లీ లేవలేదు. అప్పటికి అతనికి 22 ఏళ్లు.

నెల తిరక్కుండానే అతను అమెరికాలోని బోస్టన్‌లో పందేనికి దిగాడు. అక్కడ ఏం జరిగిందో తెలుసా? ఇంకో చుట్టు మిగిలి ఉండగానే ఇదే ఆఖరి చుట్టనుకుని శక్తినంతా పెట్టి ఉరికేశాడు. లెక్క తప్పింది. ఓడిపోయాడు. ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మళ్లీ ఓడిపోయాడు.

ఇది వినగానే నాకు మన ఇళ్లే కళ్లముందు కదిలాయి. దుఃఖంలో ఉన్న ఇల్లాలు పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తుంది. నలుగురున్న ఇంట్లో అలవాటుకొద్దీ అయిదు కంచాలు పెడుతుంది. చేతులకి పని తెలుసు, లెక్క చూసే మనసే అక్కడ ఉండదు.

ఇక మార్చి 19. పోటీలు ఫ్రాన్సులో, సెయింట్ గాల్మియె అనే ఊళ్లో. బుడగల నీళ్ల ఊటలకి పేరున్న ఊరు అది. గుర్రప్పందేల మైదానంలో ఆ పచ్చిక మీద చిన్న పరుగు పెట్టారు. చుట్టూ కెన్యా హేమాహేమీలు. బెకెలె పదకొండున్నర నిమిషాల్లో పరుగు ముగించి మొదట వచ్చాడు. కెన్యాకి చెందిన ఏబ్రహామ్ చెబీ రెండో స్థానం. మర్నాడు పెద్ద పరుగు కూడా బెకెలేదే. అన్నట్టు, ఆ రెండు రోజుల్లోనే ఆడవాళ్ల చిన్న పరుగూ, పెద్ద పరుగూ రెండూ గెలిచింది పంతొమ్మిదేళ్ల తిరునేష్ డిబాబా. ఇద్దరిదీ బెకోజి అనే కొండప్రాంతపు ఊరే!

రెండున్నర నెలలకే గెలిచాడు కాబట్టి ఆ పిల్లని మరిచిపోయాడు అందామా? మరి అంతకుముందు రెండుసార్లు ఓడిపోయినప్పుడు ఏమనాలి? గెలుపుని బట్టీ ఓటమిని బట్టీ దుఃఖం కొలవలేం. పైగా అతను తిరిగి వెళ్లింది ఏ పనికి? ఏ పని చేస్తూ ఆ అమ్మాయి కళ్లముందు పడిపోయిందో ఆ పనికే. ఇంట్లో కూర్చోవడం కంటే అదే కష్టం కదా!

మా పిన్ని కూడా బాబాయి పోయిన పదిహేనో రోజున కుట్టుమిషను ముందు కూర్చుంది. చుట్టుపక్కల ఎన్ని మాటలో! పిన్ని నాతో ఒకటే అంది, "కుడుతున్నంతసేపే నాకు ఊపిరాడుతోందే అమ్మాయ్" అని. ఆ మిషను బాబాయి కొనిచ్చిందే. తొక్కిన ప్రతిసారీ ఆయన గుర్తుకొచ్చేవాడేమో, అయినా తొక్కింది. అలాగని అందరూ పదిహేను రోజులకే లేవాలని నేననను. ఏడాదికి గానీ గడప దాటలేని వాళ్లుంటారు. ఎవరి గడువు వాళ్లది.

బెకెలె ఆ ఏడే ఆగస్టులో హెల్సింకీలో 10,000 మీటర్ల ప్రపంచ బంగారు పతకం తెచ్చుకున్నాడు. అదే నెలలో బ్రసెల్స్‌లో ఆ దూరాన్ని 26 నిమిషాల 17.53 సెకన్లలో పరిగెత్తి రికార్డు పెట్టాడు. అది 2020 దాకా ఎవరికీ అందలేదు. 2007లో పెళ్లి చేసుకున్నాడు. అది కూడా మరిచిపోవడం కిందికి రాదని నా ఉద్దేశం.

అందుకే అక్కలూ, చెల్లెళ్లూ, ఒక్క మాట. ఈసారి అలాంటి ఇంటికి పరామర్శకి వెళితే రోజులు లెక్కపెట్టకండి. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి ఫ్లాస్కులో కాఫీ, గిన్నెలో చారన్నం పట్టుకెళ్లండి. పోయిన మనిషి పేరు తలుచుకోవాలనిపిస్తే తలుచుకోనివ్వండి. వాళ్లు లేచి పనిలో పడిన రోజున "అప్పుడేనా?" అనకండి. కూరలో ఉప్పెక్కువైతే కిక్కురుమనకుండా కాస్త పెరుగు కలుపుకు తినేయండి. కొన్నాళ్లకి ఆ చేతికి లెక్క మళ్లీ కుదురుతుంది.

మీ ఊళ్లో మాట వేరేగా ఉంటే రాయండి. ఉంటాను మరి, వచ్చేవారం కలుద్దాం.