నోరు విప్పండి!

కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ పీజీ హాస్టళ్లలో ఉంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కరీంనగర్ నుంచో, కర్నూలు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి శేరిలింగంపల్లిలో కొలువు తెచ్చుకున్నారు. రాత్రి షిఫ్టు దిగి గదికొస్తే 'తిన్నావా?' అని అడిగేవాళ్లు ఉండరు. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఆ మాట వస్తుంది. వలపు మోసగాడు మీ ఒంటరితనాన్ని చూసే ఎర వేస్తాడు. మీ సిగ్గును చూసుకునే ధీమాగా బతుకుతాడు.

2024 జూన్‌లో హైటెక్ సిటీలోనే ఇలాంటి మోసం ఒకటి బయటపడింది. డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయి ఒక పబ్బుకు తీసుకెళ్లేది. ఖరీదైన మందు తెప్పించి, ఏదో వంకతో జారుకునేది. అబ్బాయి చేతికి వేలల్లో బిల్లు వచ్చేది. పబ్బువాళ్లూ అందులో భాగస్థులే. సైబరాబాద్ పోలీసులు ఆ ముఠాను పట్టుకున్నారు. పరువుకు భయపడి కట్టేసి పోతారన్న నమ్మకంతోనే ఇలాంటి దందాలు నడుస్తాయి.

అక్కడ పోయింది వేలు. ట్రేడింగ్ యాప్ ముగ్గులోకి దిగితే కొంపే మునుగుతుంది. నెలల తరబడి గుడ్‌మార్నింగులు, గుడ్‌నైట్‌లు. నమ్మకం కుదిరాక 'మా మామయ్య చెప్పినచోట పెట్టాను, చూడు' అంటూ లాభాల స్క్రీన్‌షాట్. మీ చేత ఐదు వేలు పెట్టించి, కాస్త లాభంతో వెనక్కి తీసుకోనిస్తారు. ఆ డబ్బు నిజంగా మీ ఖాతాలో పడుతుంది, అదే ఎర! ఆ తర్వాత పర్సనల్ లోన్, నాన్న పొలం మీద తెచ్చిన అప్పు, అమ్మ గాజులు. యాప్‌లో లక్షలు కనిపిస్తాయి, తీయబోతే 'ముందు పన్ను కట్టండి' అంటారు. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే.

ఆ తీపి మాటలు టైప్ చేసేది ఒక్కోసారి మన పిల్లలే. డేటా ఎంట్రీ ఉద్యోగమని కాంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయిస్తున్న ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని సైబర్ మోసాల శిబిరాల నుంచి బయటపడ్డ ఐదు వందల మందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకే విజిట్ వీసా మీద ఉద్యోగమంటే విమానమే ఎక్కకండి. కమీషన్‌కు ఆశపడి మీ బ్యాంకు ఖాతా ఎవరికీ అప్పగించకండి. దొంగసొమ్ము అందులోంచి కదిలితే పోలీసులు ముందు మీ తలుపే తడతారు.

ప్రేమించవద్దని నేననను. నలుగురు తిరిగేచోట, పట్టపగలు కలుద్దామనండి. వీడియో కాల్ ఒక్కటే చూసి నమ్మకండి, ముఖాన్నీ గొంతునూ సృష్టించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. లండన్ నుంచి గిఫ్టు వచ్చింది, కస్టమ్స్ సుంకం ఫలానా వ్యక్తి ఖాతాలో వేయమన్నారా? అక్కడికక్కడే తెంచుకోండి. ముఖం చూడని మనిషి డబ్బు మాట ఎత్తాక ఇక మొహమాటం దేనికి?

ఇప్పటికే పంపేశారా? అయితే ఈ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ. చాట్‌లు చెరిపేయకండి, లావాదేవీ నంబర్లు దగ్గర పెట్టుకోండి. నగ్న వీడియో బయటపెడతామని బెదిరిస్తే పైసా ఇవ్వకండి, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు. రూమ్మేట్ నాలుగు రోజులుగా అన్నం మానేసి ఫోన్ పట్టుకు కూర్చుంటే, మీరే వెళ్లి పక్కన కూర్చోండి. 'ఇంత చదివి ఎలా మోసపోయావ్?' అన్న మాట రానివ్వకండి, ఫోన్ అందుకుని 1930 మీరే నొక్కండి.