చౌడుకు విత్తనం ఒక్కటే మందా?

చౌడు అంటే సముద్రపొడ్డు ఊళ్ల గొడవే అని ఆలమూరు వైపు మనవాళ్లు అనుకుంటూ ఉంటారు. గౌతమి తూర్పు గట్టున, తూర్పు డెల్టా కాలువల కింద ఉన్న మనకు తీపినీరు ముందందుతుంది, నిజమే. శివారు ఊళ్ల సంగతి వేరు. అక్కడ కాలువ నీరు చాలదు, మురుగు కదలదు. డ్రెయిన్ల వెంట ఉప్పునీరు ఎగదన్నుతుంది. రొయ్యల చెరువుల ఊట పక్క వరిచేలోకి దిగుతుంది. వరి పోయిన చోట ఊడ్పు కూలీ, కోత కూలీ కూడా పోతాయి. కనుక ఇది భూమి ఉన్నవాడి సమస్య మాత్రమే కాదు, కూలివాడి సమస్య కూడా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చౌడు నేలలు సుమారు 2.74 లక్షల హెక్టార్లని లెక్క. ఇవి రెండు రకాలు. పాలచౌడులో ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. మంచినీరు నిలగట్టి, మురుగు బయటికి పంపితే అది కడుక్కుపోతుంది. కారుచౌడు అంత తేలిగ్గా లొంగదు. జిప్సం వేయాలి, అందులోని సున్నం సోడియాన్ని మట్టి నుంచి విడగొడుతుంది. ఆ తర్వాత నీరు పెట్టి కడగాలి. జీలుగ వేసి కలియదున్నాలి.

1969లో మొదలైన కర్నాల్ కేంద్ర సంస్థ, మన బాపట్ల కేంద్రం ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే. బాపట్ల శాస్త్రజ్ఞులు ఉప్పుగుండూరు, కోనంకి పొలాల్లో నేల కింద చిల్లుల గొట్టాలు పరిచి ఉప్పునీటిని బయటికి లాగి చూపించారు.

ఇప్పుడు పరిశోధన గాలి విత్తనం వైపు మళ్లింది. మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు వరిలో ఒక జన్యువును సవరించి ఢిల్లీ శాస్త్రజ్ఞులు తయారుచేసిన 'పూసా డీఎస్‌టీ రైస్ 1'ని 2025 మే 4న కేంద్రం ప్రకటించింది. తీరపు చౌడులో 30 శాతం దాకా ఎక్కువ పండుతుందన్నారు. ఆ అంకెలను కొన్ని సంఘాలు తప్పుపట్టాయి, ఐసీఏఆర్ కాదంది. జన్యువును కత్తిరించే ఆ పద్ధతిపై పేటెంట్లు విదేశీ విశ్వవిద్యాలయాల, కంపెనీల చేతుల్లో ఉన్నాయి. రేపు ఈ విత్తనం దాచుకునే హక్కు రైతుకు ఉంటుందా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు కావాలి.

మంచి విత్తనాన్ని మనం వద్దనం. అయితే విత్తనం ఉప్పును ఓర్చుకుంటుందే గాని, నేలలోంచి తీసెయ్యదు. డ్రెయిన్ తవ్వాలంటే సర్కారు డబ్బు ఖర్చు పెట్టాలి. విత్తనమైతే రైతే కొనుక్కుంటాడు. పాలకులకు ఏది సులువో చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. నేల బాగుపడాలంటే కొన్నేళ్లు పడుతుంది. 2019 చట్టం కింద కౌలుదారుకు ఇచ్చే కార్డు గడువు 11 నెలలు. దానికీ భూయజమాని సంతకం కావాలి. వచ్చే ఏడాది ఆ చేను తనదో కాదో తెలియని మనిషి జిప్సం ఎందుకు చల్లుతాడు? చల్లి నేల బాగుచేస్తే మక్తా పెంచరని నమ్మకమేది?

అందుకే అడగవలసినవి ఇవి: డ్రెయిన్లలో పూడిక ఏటా తియ్యాలి, ఆ పని స్థానిక కూలీలకే ఇవ్వాలి. సంతకంతో పని లేకుండా కౌలుదారుకు కార్డు, జిప్సం అందాలి. వరిచేల మధ్య రొయ్యల చెరువులకు అడ్డుకట్ట వెయ్యాలి. కొత్త విత్తనం రైతు చేతిలోనే ఉండాలి. శాస్త్రజ్ఞులు తమ పని చేశారు. మిగిలింది మనం కూడగట్టుకుని అడగడమే.