ఆరోగ్య విషయములు: ఆయాసము రేగినపుడు



నెల్లూరు జిల్లాకు పడమటి దిక్కుననున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టసీమలు. అచ్చట కంపపుల్లలే వంటచెరకుగా అనేక తరములు గడచినవి. 1999లో రాష్ట్రప్రభుత్వమువారి దీపము పథకమును, 2016లో కేంద్రప్రభుత్వమువారి ఉజ్జ్వల పథకమును వంటగ్యాసును పల్లెలకు దెచ్చినవి. కాని నలువది యేండ్లు పొగలో వండిన అత్తగారి ఊపిరితిత్తులు, కోడలు గ్యాసుపొయ్యి వెలిగించినంతమాత్రమున బాగుపడవు. చుట్ట యెన్నడును ముట్టని స్త్రీలకు సైతము ఈ పొగవలన దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధి కలుగును. దీనినే వైద్యులు సి.ఓ.పి.డి. యందురు.

ఈ వ్యాధి నెలల తరబడి యొకే తీరుననుండి, యొకనాడు హఠాత్తుగా రేగును. ఆయాసమును దగ్గును హెచ్చును. కఫము చిక్కనై పచ్చబడును. ఇందులకు పొగయు, జలుబు కలిగించు వైరసులును, బాక్టీరియాలును కారణములు. బాక్టీరియాలలో సామాన్యమైనవి కొన్ని, అసాధారణమైనవి కొన్ని. మైకోప్లాస్మా, క్లమీడియా న్యుమోనియే, లెజియొనెల్లా యనునవి ఈ రెండవ తెగలోనివి. ఆయాసము రేగినప్పుడెల్ల ఇవియే కారణమని తలపరాదు. ఇవి కొలదిమందియందే కానవచ్చును. అయినను వీని సంగతి మనము తెలిసికొనుటకు ముఖ్యమైన హేతువొకటి కలదు.

పెన్సిలిను, అమాక్సిసిలిను మొదలగు మందులు బాక్టీరియా చుట్టునుండు గోడను సరిగా కట్టనీయక దానిని చంపును. మైకోప్లాస్మాకు ఆ గోడయే లేదు. లేని గోడను మందు చెరచుట యెట్లు? తక్కిన రెండును మన శరీరకణములలో దూరి పెరుగును గనుక ఆ మందులకు లొంగవు. మామూలు కఫపరీక్షలోను ఇవి సులభముగా చిక్కవు. కావున పోయినసారి గుణమిచ్చిన మాత్రలే యీసారి నిష్ఫలము కావచ్చును.

వీనిపై పనిచేయు మందులలో టెట్రాసైక్లినుల తెగ యొకటి. ఆ తెగలో మొదటిదగు ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. దానిని కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థయందు పరిశోధనలను నడిపినవారు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు వాడుకలోనున్న డాక్సీసైక్లిను ఆ తెగకు చెందినదే. అజిత్రోమైసిను వేరొక తెగలోనిది. అదియు వీనిపై పనిచేయును.

అట్లని ఈ మాత్రలను మందులషాపులో అడిగి తెచ్చుకొనరాదు. అజిత్రోమైసిను కొందరికి గుండె లయను తప్పించును; దీర్ఘకాలము వాడినచో వినికిడిని తగ్గింపవచ్చును. లెవోఫ్లాక్సాసిను వంటివి క్షయను కొన్నాళ్లు మరుగుపరచి, రోగనిర్ణయమునకు జాప్యము కలిగించును. రెండు వారములు మించిన దగ్గునకు ప్రభుత్వాసుపత్రిలో క్షయపరీక్ష ఉచితముగా చేయుదురు. ఏ మందు, ఎన్నిదినములు అనునది వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇక గృహిణి చేయవలసిన పనులు కొన్ని గలవు. ఆయాసము ఏనాడు హెచ్చినది, కఫము రంగు మారినదా, ఇంతకుముందు వాడిన మాత్రల పేరేమి యను సంగతులను వ్రాసియుంచి వైద్యునికి చూపవలెను. ఇంటిలో పిల్లలకు గాని పెద్దలకు గాని విడువని పొడిదగ్గు ఉన్నచో అదియు చెప్పవలెను. మైకోప్లాస్మా ఒకరినుండి యొకరికి అంటునది. లెజియొనెల్లా నిలువనీటిలో పెరుగును గనుక నీళ్లతొట్టిని, కూలరును తరచుగా కడుగవలెను. రోజును పీల్చు మందును మానరాదు. వేన్నీళ్లకైనను ఇంటిలోపల కంపపొయ్యి రాజవేయరాదు.

రోగి యొక వాక్యమైనను పూర్తిగా పలుకలేకున్నను, పెదవులు నీలివర్ణమైనను, మగతగా నున్నను తెల్లవారువరకు ఆగరాదు. 108కి ఫోను చేయవలెను. మెట్టపల్లెలనుండి పెద్దాసుపత్రి దూరము. పెద్దలు తమ బాధను పైకి చెప్పుకొనరు; ముసలితనపు దగ్గని మనము ఊరకుండరాదు.